గట్లు వేసిన సముద్రం

మా ఆరో తరగతి పిల్లలు గీసిన మొదటి సముద్రానికి గట్లున్నాయి. నాలుగు వైపులా చక్కగా గట్లు వేసి, మధ్యలో నీళ్ళు నింపి, ఒక మూల తూము పెట్టారు. ఒకడైతే గట్టు మీద కందిమొక్కలు కూడా నాటాడు. సముద్రానికి గట్టుండదురా అంటే, "మరి నీళ్ళు పోవా టీచర్?" అని నన్నే అడిగాడు. ఉద్యోగంలో తల నెరిసినదాన్ని. ఇంగ్లీషు సంగతి అలా ఉంచండి, తెలుగులో కూడా వాడికేం చెప్పాలో నాకు తోచలేదు.

కొత్తగా టీచర్లయిన మీలాంటివాళ్ళు అప్పుడప్పుడు తిరువూరులో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, ఆ మాటా ఈ మాటా అయ్యాక అసలు సంగతి బయటపెడతారు. "మేడం, ఈ పిల్లలచేత ఇంగ్లీషు మాట్లాడించడం ఎలాగండి?" నా కొంగున ఏదో మంత్రం ముడేసి ఉందనుకుంటారు కాబోలు. మంత్రమేమీ లేదు. ఒక రోడ్డు, దాని మీద ఒడ్లు, ఒక వాయుగుండం, ఒక మాట్లాడని పిల్ల. నాకు తెలిసిందంతా అంతే. వినే ఓపిక లేకపోతే కాఫీ తాగి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను.

నా ఆఖరి పోస్టింగు గంపలగూడెం వైపు, కట్టలేరు వాగు దాటాక వచ్చే ఒక ఊరి హైస్కూల్లో. వాగు పొంగని రోజుల్లో వేళకు చేరేవాళ్ళం. పొంగిన రోజుల్లో ఇవతలి ఒడ్డున బస్సు దిగి, సెలవా కాదా అని ఫోన్లు చేసుకుంటూ నిలబడేవాళ్ళం. నాతోపాటు తిరువూరు నుంచి మా తెలుగు టీచరు వచ్చేది. వయసులో నాకంటే చిన్నది, నోరు మాత్రం నాకంటే పెద్దది. బళ్ళో ఒక సైన్సు మాస్టారు ఉండేవారు. ఎక్కడ తప్పు దొర్లినా ఆయనకు దురద పుట్టేది. ఇక మా హెడ్మాస్టారికి లోకంలో ఉన్నవి రెండే భయాలు, తనిఖీ ఒకటి, సిలబస్ ఒకటి. రోడ్డు మీద జీపు చప్పుడైతే చాలు, చొక్కా సర్దుకునేవారు. మంచివాళ్ళే అందరూ. నాలాంటి దానితో వేగారంటే మంచివాళ్ళే అయుండాలి.

ప్రభుత్వ బళ్ళలో ఇంగ్లీషు మీడియం వచ్చిన కొత్త అది. మొన్నటిదాకా తెలుగులో చదువుకున్న పిల్లల నెత్తిన లెక్కలూ సైన్సూ అన్నీ ఒక్కసారిగా ఇంగ్లీషులో వచ్చిపడ్డాయి. పొద్దున గుడ్ మార్నింగ్ అంటే అందరూ ఒక్క గొంతుతో గుడ్ మార్నింగ్ అనేవాళ్ళు. ఆ తర్వాత సాయంత్రం దాకా మౌనవ్రతమే. చూసి చూసి నాకు ఒళ్ళు మండింది. ఆవునో చెట్టునో చూపిస్తే వెంటనే తెలుగు మాట వెనక దాక్కుంటున్నారు. తెలుగులో కూడా చూడని దాన్ని ఒకదాన్ని పట్టుకొస్తే దాక్కోవడానికి చోటుండదు కదా అనిపించింది. అలా మా తరగతిలోకి సముద్రం వచ్చింది. బందరు సముద్రం మాకు పూట ప్రయాణం. కానీ ఆ పిల్లల్లో చాలామందికి విజయవాడే లోకం చివర.

తిరువూరు బజారులో ఒక పెద్ద నీలం టార్పాలిన్ కొన్నాను. రైతులు ధాన్యం మీద కప్పుకునే బరకం అది. పిల్లలు కాగితం చేపలు కత్తిరించి దాని నిండా అంటించారు. నాలుగు పక్కలా పట్టుకుని నేను 'వేవ్' అన్నప్పుడు ఎత్తాలి, 'కామ్' అన్నప్పుడు దించాలి. బల్లలు గోడకు నెట్టేసి రోజూ ఒక పూట సముద్రాన్ని ఊపేవాళ్ళం. సైన్సు మాస్టారు తలుపు దగ్గర ఆగి, "మేడం, తిమింగలం చేప కాదండీ, చేపల్లో కలిపేశారు" అని బాధపడేవారు. ఆయన కోసం తిమింగలాన్ని ఊడబీకి ఒక మూలకు జరిపాం. సాయంత్రానికి పిల్లలు మళ్ళీ చేపల్లోకే తెచ్చారు, ఒక్కటే ఉంటే దానికి తోచదని.

ఆ తర్వాత పద్యాలు మొదలుపెట్టించాను. పద్యాలంటే మరీ పెద్ద మాటేలెండి. పంక్తికి మూడు నాలుగు మాటలు, అంతే. తప్పయినా పర్లేదు, తెలుగు మాట పడినా పర్లేదు, గొంతు విప్పి చెప్పాలి. "ఫిష్ ఈట్ ఫిష్" అన్నాడొకడు. "సీ వెరీ సాల్ట్" అంది ఒకతె. హెడ్మాస్టారు నన్ను పిలిచి, "పద్యాలు కట్టిస్తున్నారటగా అమ్మా, అవి పరీక్షలో వస్తాయా?" అని మెల్లగా అడిగారు. "పరీక్షలో రావు సార్, పిల్లలకు వస్తాయి" అన్నాను. ఆయన తనిఖీ వాళ్ళొచ్చినప్పుడు మాత్రం ఆ బరకాన్ని మడత పెట్టమన్నారు.

ఇంతమంది గొంతు విప్పినా ఒక పిల్ల మాత్రం విప్పలేదు. కిటికీ పక్కన కూర్చునేది. గట్టిగా అల్లిన రెండు జడలు, ఎప్పుడూ ఎదుటివాళ్ళ మొహం మీద కాకుండా వాళ్ళ చేతుల మీద ఉండే చూపు. గుడ్ మార్నింగ్‌లో కూడా పెదవులే కదిలేవి. బుజ్జగించాను, కసిరాను, బిస్కెట్టు పెట్టాను. బిస్కెట్టు తింది, అంతే. వాళ్ళిల్లు బడి గేటు ఎదురుగానే, రోడ్డుకు అవతల. తండ్రి తిరువూరు రోడ్డు మీద షేర్ ఆటో నడుపుతాడు. తల్లి కౌలుకు తీసుకుని వరి వేస్తుంది.

గట్ల సముద్రాలు గీసిన రోజున ఈ పిల్ల కాగితం చూసి మరీ నీరుగారిపోయాను. అందులో నీలం రంగే లేదు. కాగితమంతా పసుపుపచ్చ. దాని మీద ఈ కొస నుంచి ఆ కొసకు వంకర గీతలు, చివర్న రెండు చిన్న పాదాలు. సాయంత్రం బస్సులో తెలుగు టీచరుకు చూపించి, "చూశావా, ఇదట సముద్రం" అన్నాను.

ఆవిడ కాగితాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పింది. "అక్కా, ఇవి ఒడ్లు కదా" అంది. "రోడ్డు మీద ఆరబోసి కాళ్ళతో తిరగేస్తారు చూడండి, ఆ చాళ్ళు ఇవి. మీరు వేవ్ వేవ్ అని బరకం ఊపితే, ఈ పిల్ల తన దగ్గరున్న అలలు గీసిచ్చింది."

కాగితం లాక్కుని మళ్ళీ చూశాను. ఇప్పుడు కోతలన్నీ మిషన్లతోనే కదా. మిషను కోసిన ఒడ్లు తేమగా ఉంటాయి, ఎండితే తప్ప కొనేవాడు ముట్టుకోడు. అందుకని కోతల రోజుల్లో మా వైపు తారురోడ్లు సగం దాకా ఒడ్లే. చెప్పులు విప్పి, వాటిలో పాదాలు ఈడ్చుకుంటూ ఒకరి పక్కన ఒకరు నడుస్తారు. అడుగువి పైకి వస్తాయి, రోడ్డంతా చాళ్ళు పడతాయి. మళ్ళీ వెనక్కి నడిస్తే ఆ చాళ్ళు చెదిరి కొత్తవి లేస్తాయి. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చూస్తున్నదే. బస్సు ఆగినప్పుడల్లా విసుక్కుంటూ చూసిందే. బందరు వెళ్ళి సముద్రాన్ని కూడా చూసొచ్చాను నేను. రెండూ ఒకటేనని ఏనాడూ నా బుర్రకు తట్టలేదు. సముద్రాన్ని చూడని పిల్లకు తట్టింది.

ఆ వారంలోనే తల్లి బడికొచ్చింది. పొలం నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని గుమ్మం బయటే నిలబడింది. కూతురు ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంటూ పక్కనే ఉంది.

"మా అమ్మాయి సంగతేంటి టీచర్ గారూ?"

"బాగుందమ్మా. బొమ్మలు బాగా గీస్తుంది, రాస్తుంది."

"మాట్లాడుద్దా?"

నేను ఆ పిల్ల బొమ్మల కాగితాలు తీసి చూపించబోయాను.

"మాట్లాడదు, నాకు తెలుసు. ఇంటికొచ్చి గాల్లో వేలు తిప్పుకుంటా కూచుంటది. ఏంటే అంటే సముద్రం అంటది. మాకు సముద్రం ఎందుకండి? మాకు కావాల్సింది ఇంగ్లీషు."

ఆవిడ గొంతులో కోపం ఉంటే నేనూ కోపంతోనే బదులిచ్చేదాన్ని, ఆ విద్యలో నాకు తిరుగులేదు. కానీ ఆవిడ కూతురి జడ సర్దుతూ చెప్పింది. "పోయినేడు దీనికి జొరం తగ్గకపోతే విజయవాడ తీసుకుపోయామండి. ఇద్దరు డాక్టర్లు దీన్ని మధ్యలో పెట్టుకుని ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. నా బిడ్డ గురించే, నా ముందే. తగ్గుద్దంటున్నారో తగ్గదంటున్నారో నాకు తెలియలా. వాళ్ళ మొహాలు చూస్తా నిలబడ్డా. రేపు ఇది నాలాగా నిలబడకూడదండి. అంతే."

ఆవిడ అక్క కూతురు విజయవాడలో ఒక హాస్టలు బళ్ళో చదువుతూ గడగడా ఇంగ్లీషు మాట్లాడుతోందట. జనవరిలో ఈ పిల్లనూ చేర్చుకుంటామన్నారట. "ఒడ్లు ఎండి అమ్ముడైతే వచ్చి టీసీ తీసుకుంటా" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆ పిల్ల తెలుగు టీచరు దగ్గరికెళ్ళి, "హాస్టల్లో అమ్మ పక్కన పడుకోనివ్వరు కదా టీచర్?" అని అడిగిందట. మా బళ్ళో చేరాక ఆ పిల్ల నోరు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న అది. తెలుగు టీచరు ఆ మాట బస్సులో నాకు చెప్పింది.

అంటే ఆ పిల్ల తల్లి దగ్గర ఉండటం, వెళ్ళిపోవడం రెండూ ఒడ్లలో తేమ మీద ఆధారపడి ఉన్నాయన్నమాట. ఎండను నేను ఆపలేను. బరకం ఊపడం మానేసి తరగతిని ఆ పిల్ల గీసిన అలల దగ్గరికే, రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. హెడ్మాస్టారు తల పట్టుకున్నారు. "రోడ్డు మీద క్లాసేంటమ్మా, బస్సులొస్తాయి." అందుకు సైన్సు మాస్టారిని ఎర్ర తువ్వాలుతో మలుపు దగ్గర నిలబెట్టాం. గేటు పక్కన ఒక ముసలాయన ఒడ్లు ఆరబోసుకుని కూర్చున్నాడు. మా పిల్లలు మీ ఒడ్లు తిరగేస్తారు, ఇంగ్లీషు చెప్పుకుంటూ తిరగేస్తారు, ఒప్పుకుంటారా అంటే, "తిరగేసి పెడితే జపాను భాష చెప్పుకోండి, నాకేంటి" అన్నాడు.

పిల్లలు చెప్పులు విప్పారు. వరసగా నిలబడ్డారు. బడి వైపు నడిచేటప్పుడు 'కమ్', వెనక్కి మళ్ళినప్పుడు 'గో'. అంతవరకే నేను చెప్పింది. పాదాలు ఈడిస్తే ఒడ్లు చేసే చప్పుడుంటుంది కదా, ఆ చప్పుడుకు మాటలు వాటంతట అవే వచ్చి అతుక్కున్నాయి. ఒకడు "కమ్ వేవ్ కమ్" అన్నాడు. అడుగు సరిగ్గా పడింది. మళ్ళినప్పుడు "గో వేవ్ గో" అంది ఇంకొకతె. రెండు చాళ్ళు నడిచేసరికి తరగతి మొత్తం అదే అంటోంది. గుడ్ మార్నింగ్ తర్వాత వాళ్ళందరూ కలిసి అన్న మొదటి ఇంగ్లీషు అది. తెలుగు టీచరు కూడా చెప్పులు విప్పేసి దిగింది.

నేను ఆ పిల్ల పక్క చాల్లో నడుస్తున్నాను. మళ్ళే చోట, అందరూ ఊపిరి పీల్చుకునే ఆ కాస్త సందులో, పక్క నుంచి ఊపిరంత సన్నగా వినిపించింది. "బిగ్ సీ. నో గట్టు."

నేను ఆగిపోయాను. వెనకవాళ్ళు వచ్చి నన్ను గుద్దుకున్నారు. తరగతిలో మిగతా అందరూ కాగితం మీద సముద్రానికి గట్లు వేశారు. గట్టు లేకపోతే నీళ్ళు పోవా అని అడిగినవాడికి నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ పిల్ల ఇన్నాళ్ళూ నోరు మూసుకుని దాని గురించే ఆలోచించింది. తన ఊళ్ళో ప్రతి నీటికీ గట్టుంది. గట్టు లేని నీరు ఎంతుంటుందో కళ్ళు మూసుకుని కొలుచుకుంది. సముద్రం ఎదురుగా నిలబడ్డప్పుడు కూడా నాకంత గుండె నిండలేదు. ఇంకోసారి గట్టిగా చెప్పమ్మా అన్నాను. తన పాదాల వైపు చూసుకుంది. ఆ పూటకు ఇక బలవంతపెట్టలేదు. ఎవరిదో చెప్పకుండానే ఆ పంక్తిని అందరికీ ఇచ్చేశాను. చివర్న ఎవరో "స్మాల్ ఫీట్ గో" కలిపారు. పద్యం పూర్తయింది.

మలుపు దగ్గర్నుంచి సైన్సు మాస్టారు వచ్చి, "మేడం, గట్టు ఇంగ్లీషు మాట కాదండీ, బండ్ అనాలి" అన్నారు. "మాస్టారూ, మీ తిమింగలానికి నేను సర్దుకున్నాను, నా గట్టుకు మీరు సర్దుకోండి" అన్నాను. ఆయన నవ్వి తువ్వాలు దులుపుకున్నారు.

ఆ పిల్ల తల్లి వేసిన వరి కోతకొచ్చి, ఒడ్లు రోడ్డెక్కాయి. సరిగ్గా బడి గేటు ముందే, పొడుగునా. రోజూ కిటికీలోంచి అవి ఎండటం చూస్తూ పాఠం చెప్పడం నా వల్ల అయ్యేది కాదు. ఎండ కాస్తే ఆ ఇంటికి మంచిది, ఆ పిల్లకు కాదు. ఇలాంటి చిక్కు మీకెప్పుడూ రాకూడదని కోరుకుంటాను.

ఒకరోజు పొద్దున్నుంచే ఫోన్లలో బంగాళాఖాతంలో వాయుగుండం అని వస్తోంది. ఎండ మాత్రం మామూలుగానే ఉంది. మధ్యాహ్న భోజనాలయ్యాక తల్లి హెడ్మాస్టారి గదికి వచ్చింది. సాయంత్రానికి ఒడ్లు ఎత్తేస్తుందట, మర్నాడు కాటా. టీసీ ఇచ్చేస్తే దానికోసం మళ్ళీ తిరగక్కర్లేదంది. హెడ్మాస్టారు నా మొహం చూశారు, నేను గోడ వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా టీసీ రాశారు. సంతకం పెట్టే వేళకు గదిలో వెలుగు తగ్గింది.

సైన్సు మాస్టారు తల లోపలికి పెట్టి, "గాలి తిరిగింది సార్" అన్నారు. తల్లి కిటికీలోంచి తూర్పు వైపు చూసింది. మాట్లాడకుండా లేచి పరుగెత్తింది.

నేను తరగతికి వెళ్ళి "రండి" అన్నాను. తెలుగులోనే అన్నాను, ఇంగ్లీషు గుర్తు రాలేదు. పిల్లలు, టీచర్లు, చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు, అందరం రోడ్డు మీద పడ్డాం. సాయం చేద్దామనే వచ్చాం గానీ చేసింది గందరగోళం. ఒకరు చెక్కతో ఇటు లాగుతున్నారు, ఒకరు చీపురుతో అటు తోస్తున్నారు. కుప్ప కావాల్సిన ఒడ్లు రోడ్డు పక్క గుంటలోకి జారుతున్నాయి. తల్లి అరుస్తోంది, ఆ గాలిలో ఆవిడ మాట ఎవరికీ వినబడట్లేదు. మొదటి చినుకులు పడ్డాయి.

అప్పుడు వినిపించింది. "కమ్ వేవ్ కమ్."

ఆ గొంతు ఎవరిదో నాకు తెలియలేదు. ఎలా తెలుస్తుంది, గట్టిగా ఎప్పుడూ వినందే. తిరిగి చూస్తే ఆ పిల్ల రోడ్డు మధ్యలో, నడుం వంచి ఒడ్లు లాగే చెక్కను రెండు చేతులా పట్టుకుని ఉంది. 'కమ్' అన్నప్పుడు లాగింది. "గో వేవ్ గో" అంటూ వెనక్కి వెళ్ళింది. మళ్ళీ 'కమ్'. మా తరగతికి ఆ అడుగు తెలుసు. ఒక్కొక్కళ్ళూ అందులోకి వచ్చేశారు. లాగేవాళ్ళందరూ ఒక్కసారి లాగుతున్నారు, వెళ్ళేవాళ్ళందరూ ఒక్కసారి వెళ్తున్నారు. ఆడవాళ్ళకు మాటలు తెలియకపోయినా పని తెలుసు, వాళ్ళూ కలిశారు. "బిగ్ సీ" అని ఆ పిల్ల, "నో గట్టు" అని రోడ్డంతా. హెడ్మాస్టారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కలం ఇంకా జేబులో పెట్టుకోకుండానే, "నో గట్టు" అని అరుస్తున్నారు. తల్లి కూడా అంటోంది. ఏమంటోందో ఆవిడకు తెలియదు, కూతురు అంటే అంటోంది.

ఆ నల్లటి మబ్బు కింద, రోడ్డు పొడవునా పరిచిన ఒడ్లు రెండు వైపుల నుంచీ లేచి మధ్యలోకి రావడం నేను చూశాను. నా ఉద్యోగంలో ఎన్నో చూశాను గానీ, అంత గొప్పది ఇంకొకటి చూడలేదు. నా చేతిలో చీపురు ఉందన్న సంగతి కూడా మర్చిపోయాను.

కుప్ప పడింది. ఒక బరకం కప్పారు. రెండోది విప్పుతుంటే గాలికి నిలువునా చిరిగిపోయింది. తల్లి ఆ చిరిగిన ముక్క పట్టుకుని అలాగే నిలబడింది. అప్పుడు ఆ పిల్ల బడి వైపు తిరిగి, మగపిల్లల మీద గట్టిగా కేక వేసింది. "సీ! బ్రింగ్ సీ! గో, గో!"

ఆ మాట పద్యంలో లేదు. ఎవరూ నేర్పలేదు. నేనెన్నాళ్ళుగానో ఎదురుచూసిన ఇంగ్లీషు ఆ చినుకుల్లో, ఆ హడావిడిలో, తనకు అవసరమై తనంతట తానుగా వచ్చింది. మగపిల్లలు పరుగెత్తి మా తరగతి సముద్రాన్ని మోసుకొచ్చారు. కాగితం చేపలతో, చేపల్లో కలిసిపోయిన తిమింగలంతో సహా దాన్ని ఒడ్ల మీద కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టాం. ఆఖరి రాయి పెడుతుండగా వాన దంచికొట్టింది.

అందరం బడి వరండాలో చేరాం. తడిసిన జుట్టు పిండుకుంటూ తల్లి కూతురి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "ఏంటే ఇందాక నువ్వంది? నేనూ అన్నాగా, ఏమన్నానో చెప్పు."

ఆ పిల్ల తల్లికి పాఠం చెప్పడం మొదలుపెట్టింది. "కమ్ అంటే రా. గో అంటే పో. వేవ్ అంటే అల. బిగ్ అంటే పెద్ద. సీ అంటే సముద్రం. నో అంటే లేదు."

"గట్టంటే?"

"గట్టే."

"ఇంగ్లీషులో కూడా గట్టేనా?"

ఆ పిల్ల ఆలోచించింది. "వాళ్ళది సముద్రం కదమ్మా. దానికి గట్టుండదుగా, ఇంక వాళ్ళకి ఆ మాటెందుకు?"

సైన్సు మాస్టారు నోరు తెరిచారు. తెలుగు టీచరు ఆయన చెయ్యి గిల్లింది. ఆయన నోరు మూసుకున్నారు. తల్లి మాత్రం నవ్వింది, ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదలు.

"ఈ వాన ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా అమ్మా?" అంది ఆ పిల్ల. "సముద్రంలోంచే. మాస్టారు చెప్పారు."

"అక్కణ్ణుంచి ఇంతదూరం వచ్చుద్దా?"

"గట్టు లేదు కదా."

తల్లి ఆ వాననూ, రోడ్డు మీద కాగితం చేపలు కరిగిపోతున్న నీలం బరకాన్నీ చాలాసేపు చూసింది. మాకు సముద్రం ఎందుకు అని అడిగిన మనిషి ఆవిడే. నేనేమీ గుర్తుచేయలేదు. అప్పటికి హెడ్మాస్టారు ప్యాంటు దించుకుని, తడవకుండా దాచిన టీసీ తెచ్చి మొహమాటంగా చూపించారు. తీసుకెళ్తావా అమ్మా అన్నారు. "ముందు ఒడ్లు ఆరనివ్వండి సార్" అంది ఆవిడ.

ఒడ్లు ఆరాయి, అమ్ముడయ్యాయి. ఆవిడ రాలేదు. సంతకం పెట్టిన టీసీ బీరువాలో ఉండిపోయిందని హెడ్మాస్టారికి నిద్రపట్టలేదు. తనిఖీకొచ్చి అడిగితే ఏం చెప్పాలని రోజూ నన్ను వేధించారు. చివరికి ఒకరోజు గేటు దగ్గర ఆవిడ కనిపిస్తే నేనే అడిగేశాను.

"పది అయ్యాక చూద్దాంలెండి టీచర్ గారూ. ఇప్పుడు అది పోతే నాకెవరు చెప్తారు? రోజూ నాలుగు మాటలు చెప్తంది. డాక్టరు మాట్లాడుతుంటే ఆపి, ఏంటయ్యా అంటున్నావు అని అడిగే దాకా నేర్పమన్నా. ఆ తర్వాత అదెక్కడికెళ్ళినా నాకు బెంగ లేదు."

ఆ పిల్ల ఆ తర్వాత అనర్గళంగా మాట్లాడేసిందని చెబితే అబద్ధం. తక్కువే మాట్లాడేది. కానీ అవసరమైనప్పుడు మాట్లాడేది, ఇంగ్లీషులోనైనా తెలుగులోనైనా. ఇప్పుడు విజయవాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఎవరూ పంపలేదు, తనే వెళ్ళింది.

నేను రిటైరయ్యాను. మొన్న కోతల రోజుల్లో, తెలంగాణ బోర్డరు దగ్గర ఒక ఊళ్ళో పెళ్ళికి షేర్ ఆటోలో వెళ్తున్నాను. మా పాత బడి ఉన్న వైపు కాదు, దానికి చాలా దూరం. రోడ్డు మీద ఒడ్లు ఉండి ఆటో ఆగింది. కొందరు ఆడవాళ్ళు పాదాలు ఈడుస్తూ తిరగేస్తున్నారు. ఏదో పాడుతున్నారు. ముందు పట్టించుకోలేదు. తర్వాత నా చెవులను నేనే నమ్మలేక ఆటో దిగాను. అరిగిపోయి, నున్నబడి, ఆ మాటలే. "కం ఏవ కం. గో ఏవ గో. బిక్సీ నోగట్టు."

వరస చివర ఉన్న ఒక నడివయసు ఆవిడను, ఇదేం పాటమ్మా అని అడిగాను.

"ఒడ్ల పాటండి. పాతది. మా అత్తల కాలం నాటిదంట."

"అర్థమేంటమ్మా?"

"పాత మాటలు కదండీ, ఇప్పుడెవరికి తెలుసు. గట్టు ఒక్కటే తెలుస్తది."

ఆ పద్యం పుట్టిన రోజు నేను పక్క చాల్లో నడిచాను. ఇన్ని ఊళ్ళు ఎలా దాటింది, ఎవరి పాదాల వెంట వచ్చింది, ఎప్పుడు అంత పాతబడింది, నాకేమీ తెలియదు. ఫోను తీసి ఆ పిల్లకు చేశాను. సంగతేమీ చెప్పకుండా ఫోనును ఒడ్ల వైపు పట్టుకున్నాను. అవతల ఆరో తరగతిలోలాగే ఉలుకూ పలుకూ లేదు.

ఆ నడివయసు ఆవిడ నడక ఆపి నా వైపు వింతగా చూసింది. "ఎవరికండీ వినిపిస్తున్నారు?"

"ఈ పాట కట్టినావిడకి."

ఆవిడ చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. "ఆవిడ ఇంకా ఉన్నారా అండీ?" అంది. మిగతావాళ్ళను కూడా ఆగమని సైగ చేసింది. దోపిన కొంగు విప్పి భుజం మీద సర్దుకుని, ఒడ్ల మధ్య నిలబడి, ఫోనుకు రెండు చేతులూ జోడించింది.

"పెద్దావిడకి మా దణ్ణాలని చెప్పండి."

చెప్పాల్సిన పని లేకపోయింది, ఫోను తెరిచే ఉంది. అవతల్నుంచి ఆ పెద్దావిడ ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు వినిపించింది.